తూకం మీద తాళాల గుత్తి

ప్రతి నెలా మొదటి వారంలో ఒక పూట మా ఊరి తల్లులకు నేనంటే గిట్టదు. ఆ పూట పిల్లల్ని తూకం వేస్తాను. నర్మెట్టకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. ఇరవై ఏళ్లు దాటింది. దూలానికి వేలాడే తక్కెడ పోయి నేల మీద పెట్టే మిషను వచ్చింది కానీ పని మాత్రం అదే. బరువు చూడాలి, చార్టులో చుక్క పెట్టాలి. చుక్క పచ్చరంగులో పడితే తల్లి నవ్వుకుంటూ పోతుంది. పసుపులో పడితే నా మిషను మంచిది కాదంటుంది. ఎరుపులో పడిందా, ఇక ఆ ఇంట్లో అత్తకు వారం రోజులకు సరిపడా మాటలు దొరికినట్టే.

అందుకే వాళ్లు నన్ను మాయ చేయాలని చూస్తారు. నడి ఎండాకాలంలో పిల్లలకు స్వెట్టర్లు తొడిగి తెస్తారు. మేనమామ పెట్టిన వెండి కడియాలు, మొలతాడు ఆ రోజు తప్పకుండా ఒంటి మీద ఉంటాయి. పొద్దున్నే చెంబెడు పాలు తాగించి, పిల్ల ఉచ్చకు పోతానంటే "జర ఆగు బిడ్డా, టీచరమ్మ తూకమేసినంక పోదువు" అని ఆపుతారు. ఇవన్నీ నాకు కొట్టిన పిండి. పైగా నా నోరు కొంచెం పెద్దది. "కడియాలు తియ్యి. స్వెట్టర్ ఇప్పు. ముందు పిల్లను బయటికి తీస్కపొయ్యి రా" అంటాను. ఎవరైనా మూతి ముడిస్తే ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "నువ్వు మాయ చేసేది నన్ను కాదు, నీ పిల్లను. తక్కువున్నదని తెలిస్తెనే గదా జర ఎక్కువ పెట్టేది."

ఈ మాట ఎన్ని వందల సార్లు అన్నానో నాకే గుర్తు లేదు. అవన్నీ శ్రీరంగ నీతులని నాలుగేళ్ల కిందట తెలిసింది.

అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. గర్భిణీలకు, బాలింతలకు ఇలాంటివి చూసుకోవాలని చెప్పేదాన్ని కాబట్టి నిర్లక్ష్యం చేయలేదు. వరంగల్‌లో పరీక్షలన్నీ చేసి క్యాన్సరే అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. కుట్లు విప్పిన రోజున, ఇక ఇంటికి పోయి సెంటరు తలుపులు తెరవడమే అనుకుంటుంటే, మా డాక్టరమ్మ కీమో సంగతి ఎత్తింది. మూడు వారాలకొకసారి, మొత్తం ఎనిమిది సార్లు నరానికి మందు ఎక్కించాలంది.

"గడ్డ తీసేసిన్రు గదా మేడం, ఇంక మందు దేనికి?" అన్నాను.

ఆమె తక్కువ మాటల మనిషి. "కంటికి కనబడ్డది తీసినం. కనబడంది ఎక్కడన్న ఉంటే తియ్యలేం కదా. ఉంటే ఈ మందు దాన్ని చంపొచ్చు. లేకుంటే నీకు ఉత్త కష్టమే మిగులుతది."

"ఎవరికున్నదో ఎవరికి లేదో తెల్వదా?"

"తెలిస్తే, లేనోళ్లను నేనే ఇంటికి పంపిస్త."

ఆ జవాబు నాకు నచ్చింది. మా సెంటరుకు వచ్చే పప్పులో రాళ్లుంటాయి. మా ఆయమ్మ, అంటే సెంటర్లో వంట చేసి పిల్లల్ని చూసుకునే ఆమె, పప్పును చేటలో పోసి ఏరుతుంది. ఏరేశాను కదా అని నేరుగా పొయ్యి మీద పెట్టదు. రెండుసార్లు నీళ్లలో గాలిస్తుంది. ఒక్కోసారి ఏ రాయీ దొరకదు. ఆ గాలింపు దండగని ఆమె ఎప్పుడూ అనలేదు.

కానీ పప్పు గాలిస్తే పప్పుకు నొప్పి లేదు. కీమో గురించి ఊళ్లో తలా ఒక మాట చెప్పారు. రోగంతో కాదు, ఆ మందుతోనే మనిషి పోతాడని కొందరు. ఎక్కించుకోకపోతే ఏడాది తిరిగేలోపు మళ్లీ వస్తుందని కొందరు. జుట్టు పోతుంది, రుచి పోతుంది, గోళ్లు నల్లబడతాయి. వారం రోజుల పాటు ఇవన్నీ ఒక చేతిలో, బతుకు ఇంకో చేతిలో పెట్టుకుని ఇంట్లో తిరిగాను. మా ఆయన పత్తి రైతు. మందు కొట్టాలా వద్దా అని చేను ముందు నిలబడి గంటలు ఆలోచించే మనిషి. నా విషయంలో మాత్రం తొందరపడ్డాడు. "ఎక్కిచ్చుకో. వెంట నేనుంట" అన్నాడు. ఆయన అన్నాడని కాదు కానీ, నాకు ఇంకా బతకాలని ఉంది. ఇంతకంటే పెద్ద కారణమేదీ నా దగ్గర లేదు. సరేనన్నాను.

మొదటిసారి ఎక్కించుకున్నాక నాలుగు రోజులు వాంతులు. తర్వాత మామూలే. మూడో వారానికి దిండు మీద జుట్టు కుచ్చులుగా రావడం మొదలైంది. ఆయమ్మ వచ్చి, ఊడిపోయేదాకా ఎదురుచూడటమెందుకని కత్తెరతో కత్తిరించేసింది. సెంటర్లో పిల్లలు రెండు రోజులు వింతగా చూసి, మూడో రోజు నుంచి తల నిమరడానికి వరుసలో నిలబడ్డారు. ఇంతవరకు బాగానే ఉంది.

బుద్ధి గడ్డి తినడం రెండోసారి మొదలైంది. మందు ఎక్కించే ముందు ప్రతిసారీ రక్తం పరీక్ష చేసి, బరువు చూసి, డాక్టరమ్మ ముందు కూర్చోబెడతారు. ఆ రోజు నా ముందున్న ఒకామెకు రక్తంలో కణాలు తగ్గాయని, మనిషి బాగా చిక్కిపోయిందని, వారం ఆగి రమ్మన్నారు. ఆమె మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత దూరం నుంచి వచ్చి వట్టి చేతులతో పోవడం ఆమె ఏడుపుకు కారణం. నాకు అర్థమైంది వేరు. బలహీనంగా కనబడితే మందు ఇవ్వరు, మందు ఇవ్వకపోతే రోగం తిరిగి వస్తుంది, కాబట్టి బలహీనంగా కనబడకూడదు. నా అంతట నేనే ఈ లెక్క కట్టుకున్నాను. ఎవరినీ అడగలేదు.

దీనికి తోడు మా దగ్గర ఒక మర్యాద ఉంది. ఎవరైనా "మంచిగున్నవా" అంటే "మంచిగనే ఉన్న" అనాలి. జ్వరంతో మంచంలో ఉన్నా సరే. మంచిచెడు అడిగినవాళ్ల ముందు మన గోస వెళ్లబోసుకోవడం పద్ధతి కాదు. బయట యాభై మంది కూర్చుని ఉండగా, డాక్టరమ్మ తలెత్తి "ఎట్లున్నవు" అంటే నా నోటి నుంచి దానంతటదే వచ్చేది. "మంచిగనే ఉన్న మేడం." ఆమె రాసుకునేది.

మూడోసారి వరంగల్ బస్సు ఎక్కి దిగేలోపు లీటరు నీళ్లు తాగాను. సెంటరు తాళాలు, సామాను గది తాళాలు, బీరువావి, ఇంటివి అన్నీ ఒకే గుత్తిగా నడుముకు దోపుకున్నాను. దానికి పాత ఇత్తడి తాళంకప్ప ఒకటి తగిలించే ఉంటుంది. అంతా కలిపి అర కిలోకు తక్కువ ఉండదు. నాలుగోసారికి మా అమ్మ పెట్టిన కాళ్ల కడియాలు పెట్టె అడుగు నుంచి తీశాను. పెళ్లయిన కొత్తలో విప్పినవి.

మా ఆయన చూసి, "ఏందే, పోయేది దవాఖానకా, పెండ్లికా?" అన్నాడు.

"నా కడియాలు నేను పెట్టుకున్న. నీకేమాయె?" అన్నాను. ఆయన చేతిసంచి అందుకుని బయటికి నడిచాడు. నాతో వాదించి గెలిచిన అనుభవం ఆయనకు లేదు.

ఆ మాయను ఒక్కరే పట్టుకున్నారు. మందు ఎక్కించే గదిలో నా పక్క కుర్చీలో కూర్చునే ఒక అవ్వ. మహదేవపూర్ అవతల గోదావరి ఒడ్డున ఆమె ఊరు. కోడికూతకు లేచి ఆటోలో మహదేవపూర్, అక్కణ్నుంచి బస్సులో భూపాలపల్లి, మళ్లీ బస్సులో వరంగల్. డెబ్బై ఏళ్లుంటాయి. పేగుల్లో మొదలైన రోగం కార్జానికి పాకిందట. నేను కుర్చీలో కూర్చోగానే గుత్తి గలగలమంది. అవ్వ కళ్లు మూసుకునే ఉంది.

"గన్ని తాళాలు దేనికి బిడ్డా? పొయ్యేటప్పుడు దవాఖానకు తాళమేసి పోతవా?"

నవ్వుతూనే సంగతి చెప్పేశాను. ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పడం సులువు. అవ్వ నవ్వలేదు. "నా దగ్గర దాసేటందుకు ఏం లేదు. ఉన్నదంత ఆమెకు చెప్పిన" అంది.

నిజంగానే చెప్పింది. ఆ రోజే డాక్టరమ్మ గదులన్నీ తిరుగుతూ వస్తే అవ్వ ఆపింది. "బిడ్డా, పోయినసారి మందు ఎక్కినంక తొమ్మిది దినాలు మంచం మీదనే ఉన్న. నాలుగు దినాలు గోడ పట్టుకొని నడిసిన. ఇగ మూడు వారాలల్ల మిగిలింది ఎనిమిది దినాలు. గండ్ల రెండు గీ బస్సులకే పాయె. ఆరు దినాల కోసం గింత గోస నాకు గిట్టుబాటైతలేదు. గీ మందుతోని నా రోగం పోతదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి. "పూర్తిగ పోదు అవ్వా. కొన్ని రోజులు పెరగకుండ ఆపుతది. అది కూడ ఆపుతదని నమ్మకంగ చెప్పలేను."

"నొప్పికి మందిస్తవా?"

"ఇస్త. నొప్పి ఆగకపోతే ఎప్పుడన్న రా, ఫోన్ చెయ్యి. నిన్ను వదిలిపెట్టినట్టు అనుకోకు."

"అయితే ఇగ నేను నా ఇంట్లనే ఉంట" అంది అవ్వ. పోయేటప్పుడు తన ఫోన్ నంబర్ నాకు రాయించి ఇచ్చింది.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలి, పిరికిదనుకున్నాను. నేను ఇన్ని తిప్పలు పడి నిలబడుతుంటే ఈమె చేతులెత్తేసిందని ఇంటిదాకా గొణుక్కుంటూనే వచ్చాను. ఒకే డాక్టరమ్మ, ఒకే గది, కుర్చీలు పక్కపక్కనే. ఆమె ముందున్న తూకం వేరు, నా ముందున్నది వేరు అనే మాట నాకు అప్పుడు తట్టలేదు.

అయిదోసారి నుంచి మందు మార్చారు. వాంతులు తగ్గాయి. దాని బదులు నోరంతా పూసింది. మా తల్లిగారిది మహబూబాబాద్ పక్కన. మేం మానుకోట అంటాం. ఆ మిర్చి తిని పెరిగిన నోరు నాది. పెళ్లి విందుల్లో కారం తక్కువ వేయమనే వాళ్లను చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు మజ్జిగలో ఉప్పు రాయి వేసినా కళ్లలో నీళ్లు వచ్చేవి. మా చెల్లె పచ్చడి పంపితే మూత తీసి వాసన చూసి మూత పెట్టేశాను. తిండి లేక మనిషిని సగమయ్యాను. తర్వాత వేళ్లు. మొదట చీమలు పాకినట్టు, ఆ తర్వాత అసలేమీ తెలియకుండా. పిల్లలకు పెట్టే కోడిగుడ్డు వేడిగా ఉందో లేదో తెలియక ఒలిచి రెండు వేళ్లు కాల్చుకున్నాను. కాలినట్టు బొబ్బ చూశాకే తెలిసింది. చెప్పు ఒకటి దారిలో జారిపోతే నాలుగిళ్లు దాటాక ఎవరో పిలిచి చెప్పారు.

దవాఖానలో "వేళ్లు తిమ్మిరి పట్టినయా" అని అడిగారు. "లేదు మేడం, మంచిగనే ఉన్న" అన్నాను.

ఆరోసారి అయిపోయిన పదో రోజున, మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు కూర్చుని, ఇక నా వల్ల కాదని మా ఆయనతో తేల్చి చెప్పాను. "ఇంక రెండున్నయి. పోను. గా అవ్వ ఆపలేదా?"

ఆయన నా గిన్నెలో అన్నం మెతుకు తగ్గలేదని చూస్తున్నాడు. "ఆరు ఎక్కినవు గదా, ఇంక రెండే గదా" అన్నాడు నెమ్మదిగా.

"ఎక్కేది నీకు గాదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం పెళ్లయ్యాక అది రెండోసారి. మొదటిసారి మా అత్త పోయినప్పుడు.

తరువాతి వారం తూకం రోజు వచ్చింది. సెలవు పెట్టొచ్చు. ఇంట్లో ఉంటే మా ఆయన మొహం చూడాలి కాబట్టి సెంటరుకే పోయాను. కుర్చీలో కూర్చున్నాను. ఆయమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ మిషను మీద నిలబెట్టి బరువు చెబుతుంటే నేను చార్టులో చుక్కలు పెడుతున్నాను. మా ఊరికి కోడలిగా వచ్చి మూడేళ్లయిన ఒక చిన్న వయసు పిల్ల, తన రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పాపకు ఉన్ని టోపీ, స్వెట్టర్, కాళ్లకు లావుపాటి కడియాలు. ప్రతి నెలా నా చేత తిట్లు తినే తల్లుల్లో ఆమె మొదటిది.

మిషను మీద అంకె వచ్చింది. పచ్చరంగు అంచున పడేటట్టుంది. కడియాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. తీయమని చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే పుళ్లు మండుతాయి. పోనీలే అనుకుని చుక్క పెట్టేశాను. ఇరవై ఏళ్లలో తెలిసి తెలిసి దొంగ చుక్క పెట్టడం అదే మొదలు.

ఆ పిల్ల కదల్లేదు. పాపను ఎత్తుకోలేదు. నా వంక చూస్తూ నిలబడింది.

"ఇంక పో బిడ్డా" అంది ఆయమ్మ.

"టీచరమ్మ తిట్టలేదు" అందా పిల్ల. "ఎప్పుడూ కడియాలు తియ్యమని తిడ్తది. ఇయ్యాల తిట్టకుంటే నాకు భయమైతున్నది."

తానే కింద కూర్చుని పాప కడియాలు తీసింది. స్వెట్టర్ విప్పింది. టోపీ తీసింది. పాప సన్నటి పక్కటెముకలు కనబడ్డాయి. "మల్ల తూకమెయ్యండి" అంది. ఆయమ్మ వేసింది. చుక్క పసుపులో, ఎరుపుకు దగ్గరగా పడింది. ఆ పిల్ల ఏడవలేదు, మిషను మంచిది కాదనలేదు. చార్టులోకి తొంగి చూసి, "ఇప్పుడు చెప్పుండ్రి మేడం, ఏం పెట్టాలె?" అంది.

నేను చెప్పాను. రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో, సెంటర్లో ఇచ్చే బాలామృతం పిండి ఎట్లా కలపాలో, గుడ్డు ఎప్పుడు పెట్టాలో, అన్నీ. నోరు మండుతూనే ఉంది. అత్త ముందు, ఊరి ముందు పరువు పోతుందని నెలల తరబడి దాచిన పిల్ల, ఒక్కసారి నిజం తూకం చూడగానే అడగాల్సిన ప్రశ్న అడిగింది. నేను ఆరుసార్లు పోయి ఒక్కసారి కూడా ఆ ప్రశ్న దాకా రాలేదు. నా వల్ల కాదని మొత్తం మానేస్తానంటున్నాను. సాయం చేయడానికి దవాఖాన వాళ్లకు నేనేం చెప్పాను కనుక? నాకు సిగ్గేసింది. పిల్లలు చూస్తారని సామాను గదిలోకి పోయి, పప్పు బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

ఏడోసారి దవాఖానకు పోయినప్పుడు తాళాల గుత్తి మా ఆయన చేతికిచ్చాను. కడియాలు ఇంట్లోనే ఉన్నాయి. బరువు చూసే సిస్టర్ అంకె చూసి, ఫైలు చూసి, మళ్లీ దిగి ఎక్కమంది. "మూడు వారాలల్ల గింత తగ్గుడేంది?" అని గాబరాగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

"ఎట్లున్నవు?" అంది డాక్టరమ్మ అలవాటుగా.

మంచిగనే అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. మింగాను. "మంచిగ లేను మేడం" అన్నాను. ఇక ఆగలేదు. నోటి పుళ్లు, కాలిన వేళ్లు, దారిలో పోయిన చెప్పు, లీటరు నీళ్లు, తాళాలు, కడియాలు అన్నీ చెప్పాను. సిస్టర్ నోరు తెరుచుకుని వింటోంది. మా ఆయన నేల చూస్తున్నాడు, చేతిలో గుత్తితో.

"నువ్వేం పని చేస్తవంటివి?" అంది డాక్టరమ్మ.

"అంగన్‌వాడీ టీచర్ని మేడం. పిల్లల బరువులు చూస్త."

ఆమె నావైపు చూసిన చూపు నేను మర్చిపోను. నేను తల్లులను ఎన్నో ఏళ్లుగా చూసిన చూపే అది. "బరువును బట్టే మందు లెక్క కడతం. నీ తాళాలతోని ఆ లెక్క పెద్దగ మారలేదు, నీ అదృష్టం. కాని నువ్వు తింటలేవని నాకెట్ల తెలుస్తది? వేళ్ల తిమ్మిరి ముందే చెప్తే మందు అప్పుడే తగ్గిస్తుంటి."

"తగ్గిస్తే పనిచెయ్యదేమో అని..."

"నీకు భరించలేనంత ఇచ్చి, నువ్వు మధ్యల మానేస్తే అది అసలే పనిచెయ్యదు."

ఆమె కాగితం మీద రాయడం ఆపి నాకు మూడు దారులు చెప్పింది. ఇక్కడితో ఆపేయవచ్చు. ఎక్కిన ఆరింటి మేలు ఎటూ పోదు, మిగతా రెండింటితో ఇంకెంత మేలు జరిగేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. లేదంటే వారం ఆగి, నోరు మానాక, మోతాదు తగ్గించి మిగతా రెండూ ఎక్కించుకోవచ్చు. లేదంటే తగ్గించిన మోతాదు ఒక్కసారి ఎక్కించుకుని, వేళ్లు చూసుకుని, ఆ తర్వాతి సంగతి అప్పుడు తేల్చుకోవచ్చు.

"వేళ్లకు మల్ల తెలివొస్తదా?" అని అడిగాను.

"చానామందికి నెమ్మదిగ వస్తది. కొందరికి మొత్తం రాదు. నీకు ఎట్లయితదో చెప్పలేను."

వారం గడువిచ్చింది. పుళ్లకు నోట్లో పూసుకునే మందు రాసింది, ఏం తినాలో చెప్పింది. నేను ఊరి తల్లులకు చెప్పేదే చాలావరకు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు, గుడ్డు, పెరుగు.

ఆ వారంలో మహదేవపూర్ అవ్వకు ఫోన్ చేశాను. కల్లంలో వడ్లు ఆరబోశారట, కోళ్లను తోలుతూ కూర్చుందట. "పచ్చిపులుసుతోని బుక్కెడు తిన్న బిడ్డా" అంది గొప్పగా. "దినాలన్ని నా చేతిల్నే ఉన్నయిప్పుడు. నువ్వు తాళాలు ఇడిసినవా?" ఇడిసిన అవ్వా అన్నాను. నేను ఆపాలా వద్దా అని అడిగితే, "నాది జూసి నువ్వు ఆపకు. నీ రోగం పోయేటట్టున్నది, నాది పోయేటట్టు లేదు. గంతే తేడా" అంది. వానాకాలం గడిచి చలి మొదలయ్యాక, అవ్వ తన ఇంట్లోనే, పెద్దగా నొప్పి లేకుండా పోయిందని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నేను పిరికిదనుకున్న మనిషి కోసం చాలా ఏడ్చాను.

నేను మూడో దారి పట్టాను. ఒక్కసారి ఎక్కించుకుని చూద్దామని. ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చని తెలిశాక ఆపాలన్న తొందర నాలో తగ్గిపోయింది. తలుపుకు బయట గొళ్లెం పెట్టలేదని తెలిస్తే ఇంట్లో కూర్చోవడం కష్టం కాదు. తగ్గించిన మందుతో ఏడోది గడిచింది. నీరసం ఉంది, నోరు పూయలేదు. వేళ్ల తిమ్మిరి పెరగలేదు. అందుకే ఎనిమిదోదానికీ పోతానన్నాను. మా చెల్లె పంపిన పచ్చడిలో వేలు ముంచి నాకితే కళ్లలో నీళ్లు వచ్చాయి కానీ అవి కారానివే. మా ఆయన ఎదురుగా కూర్చుని నేను తినే ముద్దలు చూసేవాడు. చూడొద్దంటే అటు తిరిగి చూసేవాడు.

ఇప్పటికీ నా కుడిచేతి చివరి రెండు వేళ్లకు సగమే తెలుస్తుంది. గుడ్లు ఆయమ్మే ఒలుస్తుంది. ఆరు నెలలకొకసారి పరీక్షకు పోతాను. పోయే ముందు రోజు భయంగా ఉంటుంది. ఉందని డాక్టరమ్మకు కూడా చెబుతాను. తూకం రోజున తల్లులను తిట్టడం మాత్రం మానలేదు. తిట్టాక నా తాళాల కథ కూడా చెబుతాను, అందుకని వాళ్లు కొంచెం నవ్వి మరీ కడియాలు తీస్తారు.

అప్పట్లో ఎనిమిదోసారి, అంటే చివరిసారి, మందుకు పోయినప్పుడు బరువు చూసే ఆ సిస్టరే ఉంది. చెప్పులు విప్పాను. చేతిసంచి మా ఆయనకిచ్చి మిషను ఎక్కాను. ఆమె అంకె చూసింది. ఫైలు చూసింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అర కిలో పెరిగినవు" అంది అనుమానంగా. "తాళాలేవి?"

తలుపు దగ్గర నిలబడిన మా ఆయన గుత్తి పైకెత్తి గలగలలాడించాడు.

"కడియాలు?"

కుచ్చిళ్లు జరిపి కాళ్లు చూపించాను.

"నీళ్లు?"

"బయటికి పొయ్యొచ్చిన."

అయినా నమ్మకుండా నన్ను దింపి మళ్లీ ఎక్కించింది. అదే అంకె. సిస్టర్ నవ్వాపుకుంటూ పెన్ను తీసింది.

"రాసుకో సిస్టర్" అన్నాను. "గా అర కిలో నాదే."